పసిబిడ్డ ఆయాసం: వైరస్ చేసేదెంత, ఒళ్లు చేసేదెంత

(సంఘం వార్షిక సభలో ఒక పిల్లల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శి గారు నన్ను పిలిచినప్పుడే అసలు సంగతి చెప్పారు. ఈ ఏడు సంఘం సొమ్ములో కొంత పిల్లల వైద్యానికి కేటాయించాలని తీర్మానం చేశారట. దేనికి ఖర్చు పెట్టాలో తేలలేదట. కొందరు వెంటిలేటరు కొందామంటున్నారు. కొందరు ప్రతి మస్జిద్ దగ్గరా నెబ్యులైజర్ క్యాంపు పెడదామంటున్నారు. ఇంకొకరు పిల్లలకు బలం టానిక్కులు పంచుదామన్నారు. నన్ను వచ్చి ఏదో ఒకటి తేల్చమన్నారు.

నేను వస్తువుల జాబితాతో మొదలుపెట్టను. జలుబుతో మొదలైన జబ్బు ఆయాసంలోకి దిగినప్పుడు పసిబిడ్డ ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చెబుతాను. అది తెలిస్తే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో మీరే చెప్పగలరు.

ఏడాదిలోపు పిల్లల్ని ఆయాసంతో ఆసుపత్రికి తెచ్చే వైరస్‌లలో పెద్దది ఆర్‌ఎస్‌వి. పూర్తి పేరు రెస్పిరేటరీ సిన్‌సీషియల్ వైరస్. కరోనా పేరు తెలియని ఇల్లు లేదు, దీని పేరు తెలిసిన ఇల్లు అరుదు. అయినా రెండేళ్లు నిండేసరికి దాదాపు ప్రతి బిడ్డకూ ఇది ఒకసారైనా సోకుతుంది. 1956లో అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల్లో దీన్ని మొదట చూశారు. మరుసటి ఏడాది రాబర్ట్ చానక్ బృందం బాల్టిమోర్‌లో జబ్బుపడ్డ పసివాళ్లలో కూడా ఇదే ఉందని తేల్చింది. 2019 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల్లో దీనివల్ల 3 కోట్ల 30 లక్షల ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాయి. 36 లక్షల మంది ఆసుపత్రుల్లో చేరారు. లక్షకు పైగా చనిపోయారు. ఆ మరణాల్లో నూటికి 97కు పైగా పేద, మధ్యతరగతి దేశాల్లోనే.

లండన్‌లో బిడ్డకు సోకేదీ గుంటూరులో బిడ్డకు సోకేదీ ఒకే వైరస్. అంతదూరం ఎందుకు, ఒకే ఇంట్లో చూడండి. నాన్నకు రెండు రోజులు గొంతు గరగర. బడికెళ్లే అక్కకు ముక్కు కారుతుంది, ఆటలు మాత్రం ఆగవు. రెండు నెలల తమ్ముడు పాలు వదిలేసి డొక్కలు ఎగరేస్తుంటాడు. కాబట్టి జబ్బు ఎంత ముదురుతుందనేది వైరస్ ఒక్కటే తేల్చే విషయం కాదు. అది ఎవరి ఒంట్లో దిగింది, ఆ ఒళ్లు దాన్ని ఎలా ఎదుర్కొంది, ఆ బిడ్డ చుట్టూ ఏముంది అన్నవి కూడా కలిసి తేలుస్తాయి.

మొదట గొట్టం సంగతి. ఊపిరితిత్తుల్లో గాలి చివరికి చేరే గొట్టాలు పసివాళ్లలో చాలా సన్నం. సాఫీగా పోయే గాలికి ఒక లెక్క ఉంది. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి అడ్డు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. నాన్న గొట్టంలో కాస్త వాపు, కాస్త కఫం వస్తే ఆయనకు తెలియను కూడా తెలియదు. అంతే వాపు, అంతే కఫం తమ్ముడి గొట్టంలో వస్తే దారి మూసుకుపోతుంది. దీన్నే మేము బ్రాంకియోలైటిస్ అంటాం. బయటికి వినపడే ఆ పిల్లికూతలు గాలి సన్నటి సందులోంచి ఈడ్చుకుని పోతున్న శబ్దం.

ఇక ఆ వాపు, ఆ కఫం ఎక్కడివి? ఇక్కడే ఒంటి పని మొదలవుతుంది. గొట్టాల లోపలి పొరలో ఉండే కణాల మీద సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. కఫాన్ని పైకి ఊడ్చే చీపుళ్లు అవి. వైరస్ ఆ కణాల్లోనే దూరుతుంది. దాడి జరిగిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతుంది. పక్క కణాలకు అది దండోరా. తలుపులు వేసుకోండి, దొంగ వచ్చాడు అని చెప్పడం. ఆర్‌ఎస్‌వి దగ్గర ఈ దండోరాను అణిచేసే రెండు ప్రోటీన్లు ఉన్నాయి. దండోరా సరిగ్గా మోగకపోవడంతో మొదటి రెండు రోజుల్లో వైరస్ చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. ఇంట్లో వాళ్లకు అప్పుడు కనిపించేది ముక్కు కారడం ఒక్కటే.

తర్వాత తెల్లరక్తకణాలు ఒక్కసారిగా పరుగెత్తుకొస్తాయి. ముందుగా వచ్చేవి న్యూట్రోఫిల్స్. ఆయాసంతో చేరిన పసివాళ్ల గొట్టాల్లోంచి తీసిన ద్రవంలో కనబడే రక్షణ కణాల్లో ఎక్కువ భాగం ఇవే. ఇవి వైరస్‌తోపాటు చుట్టూ ఉన్న పొరను కూడా దెబ్బతీస్తాయి. చచ్చిన కణాలు రాలిపోతాయి. వాటిలోంచి జారిన డీఎన్‌ఏ పోగులు కఫాన్ని బంకలా చేస్తాయి. ఊడ్చే చీపుళ్లు అప్పటికే పాడైపోయాయి. ఆ బంక గొట్టాల్లో బిరడాలా కూర్చుంటుంది. వెనక గాలి చిక్కుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఇదంతా ముదిరేది జబ్బు మొదలైన మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య. ఈ మాట తల్లులు గుర్తుపెట్టుకోవాలి. మొదటి రోజు డాక్టరుకు చూపించి ఫరవాలేదన్నారని నాలుగో రోజు ధీమాగా ఉండకూడదు.

ఇది విని, ఒళ్లు అతిగా స్పందించడమే జబ్బయితే దాన్ని అణిచే మందు ఇస్తే సరిపోతుంది కదా అని మీలో ఎవరికైనా తోచవచ్చు. తెలివైన ఆలోచనే. వైద్యులకూ తోచింది. అందుకే ఏళ్ల తరబడి బ్రాంకియోలైటిస్‌లో స్టెరాయిడ్లు వాడారు. పద్ధతిగా పరీక్షించి చూస్తే వాటివల్ల మేలు కనబడలేదు. కుక్క దగ్గులా మోగే క్రూప్ అనే జబ్బులో ఒక్క డోసు స్టెరాయిడ్ అద్భుతంగా పనిచేస్తుంది, అది వేరు. ఇందులో పనిచేయదు. ఎందుకు?

2007లో వచ్చిన ఒక పరిశోధన దీని మీద కొంత వెలుతురు వేసింది. ఆర్‌ఎస్‌వితోనో ఫ్లూతోనో చనిపోయిన పసివాళ్ల ఊపిరితిత్తులను పరీక్షించారు. వైరస్ పుష్కలంగా ఉంది. మొదటి వరస కణాలూ గుంపులుగా ఉన్నాయి. కానీ వైరస్ సోకిన కణాలను వెతికి పట్టి తుడిచేసే టి కణాలు దాదాపు లేవు. అంటే అక్కడ జరిగింది అతి ఒక్కటే కాదు, కొరత కూడా. అల్లరి ఎక్కువ, అసలు పని తక్కువ. కొందరు పిల్లల్లో దండోరా ఆలస్యం, కొందరిలో తుడిచే దళం ఆలస్యం, కొందరిలో గొట్టాలే మరీ సన్నం. ఒకే మందుతో అందరినీ అణచబోతే కొరత ఉన్న బిడ్డను ఇంకా బలహీనం చేసినట్టే.

కరోనా కాలంలో దీనికి తిరగబడ్డ ఉదాహరణ చూశాం. పెద్దలు కూలిపోతుంటే పిల్లలు చాలావరకు తేలికగా బయటపడ్డారు. పిల్లల ముక్కు లోపలి కణాల్లో వైరస్‌ను పసిగట్టే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉండి, దండోరా త్వరగా మోగుతుందని 2021లో గమనించారు. అదే పిల్లల్లో కొద్దిమందికి మాత్రం కరోనా తగ్గిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, కడుపునొప్పి, గుండె బలహీనతతో మరో జబ్బు వచ్చింది. అక్కడ మాత్రం ఒళ్లు అతిగా స్పందించడమే జబ్బు. అక్కడ స్టెరాయిడ్లు ప్రాణం కాపాడాయి. ఏ బిడ్డలో ఏది జరుగుతోందో చూడకుండా మందుల షాపులో స్టెరాయిడ్ సిరప్ అడిగి తాగించవద్దని నేను పోట్లాడేది ఇందుకే.

ఒళ్లు తప్పుదారిలో స్పందించడం అంటే ఏమిటో చెప్పడానికి నాకు తెలిసిన కథల్లో ఇంతకన్నా బాధాకరమైనది లేదు. టీకాల మీద మనలో అనుమానాలున్నాయని తెలిసే చెబుతున్నాను, దాచను. 1966లో అమెరికాలో ఆర్‌ఎస్‌వికి ఒక టీకా తయారుచేశారు. వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి ఇచ్చారు. టీకా వేసిన పసివాళ్ల రక్తంలో యాంటీబాడీలు బాగానే వచ్చాయి. చలికాలంలో అసలు వైరస్ వచ్చింది. ఒక బృందంలో టీకా పొంది వైరస్ సోకిన 20 మంది పసివాళ్లలో 16 మంది ఆసుపత్రిలో చేరాల్సివచ్చింది, ఇద్దరు చనిపోయారు. ఆ టీకా పొందనివాళ్లలో 21 మందికి సోకితే చేరింది ఒక్కరే.

కారణం తేలడానికి దశాబ్దాలు పట్టింది. ఫార్మలిన్ వైరస్ పైనున్న ప్రోటీన్ల ఆకారాన్ని చెడగొట్టింది. అందువల్ల వచ్చిన యాంటీబాడీలు వైరస్‌కు అతుక్కున్నాయే గాని దాన్ని ఆపలేకపోయాయి. అతుక్కుని ఆగని ఆ ముద్దలు ఊపిరితిత్తుల్లో పేరుకుని మంటను రాజేశాయి. రక్షణ దళం కూడా తప్పు దిక్కున తయారై ఎలర్జీలో కనబడే తరహా కణాలను పిలిచింది. యాంటీబాడీ ఉంటే చాలదు, సరైన యాంటీబాడీ ఉండాలి అని నేర్పిన పాఠం అది. ఆ టీకాను వెంటనే ఆపేశారు. మరో టీకా బయటికి రావడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది.

2013లో జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహమ్ తదితరులు ఆ ప్రోటీన్ అసలు ఆకారాన్ని పట్టుకున్నారు. కణంలో దూరకముందు అది మూసిన గొడుగులా ఒక ఆకారంలో ఉంటుంది, దూరాక తెరిచిన గొడుగులా మారిపోతుంది. వైరస్‌ను గట్టిగా ఆపే యాంటీబాడీలు మూసిన గొడుగును చూస్తేనే తయారవుతాయి. ఆ ఆకారాన్ని కదలకుండా బిగించి కొత్త టీకాలు చేశారు. అందులో ఒకటి గర్భిణికి ఇచ్చేది. తల్లిలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి మొదటి నెలల్లో కాపాడతాయి. బిడ్డకే నేరుగా ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షన్ ఇంకొకటి ఉంది, నిర్సెవిమాబ్ అంటారు. ఈ రెండింటిలో ఏదో ఒకటి అన్ని దేశాలూ మొదలుపెట్టాలని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మన ప్రభుత్వ టీకాల పట్టికలోకి ఇంకా రాలేదు. వచ్చిన రోజున నేనే మళ్లీ వచ్చి చెబుతాను, ఇన్షా అల్లాహ్.

అప్పటిదాకా ఏం చేయాలి? తల్లి నుంచి బిడ్డకు రక్షణ చేరే దారి కొత్తదేమీ కాదు. గర్భం చివరి మూడు నెలల్లోనే తల్లి యాంటీబాడీలు ఎక్కువగా బిడ్డకు చేరతాయి. నెల తక్కువగా పుట్టిన బిడ్డ ఆ మూట సగంలోనే వదిలేసి వచ్చినట్టు. ఆ బిడ్డ ఊపిరి గొట్టాలూ చిన్నవే. అందుకే నెల తక్కువ పిల్లల ఇంట జలుబును తేలికగా తీసుకోకూడదు. పుట్టాక రెండో రక్షణ తల్లిపాలు. వాటిలోని యాంటీబాడీలు గొంతులో, ముక్కులో, పేగుల్లో కాపలా కాస్తాయి. ఖుర్ఆన్‌లో పాల కాలం రెండేళ్లుగా ప్రస్తావించారని మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ మిరప తొడిమలు తీసే పనికి పొద్దున్నే వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే తల్లి రెండేళ్లు కాదు, రెండు నెలలు కూడా సరిగ్గా ఇవ్వలేకపోతోంది. ఇవ్వాలని లేక కాదు, రోజు కూలి పోతే ఇల్లు గడవక. ఈ మాట ఇక్కడ ఉంచండి, డబ్బు సంగతి వచ్చినప్పుడు మళ్లీ అక్కడికే వస్తాను.

ఒక సున్నితమైన విషయం. అపార్థం చేసుకోవద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్షణ వ్యవస్థలో ఏదో ఒక భాగం ఉండదు. మామూలు జలుబు వైరస్ కూడా వాళ్లను మంచాన పడేస్తుంది. ఇలాంటి లోపాల్లో చాలావరకు తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడ్డ జన్యువు వచ్చినప్పుడే బయటపడతాయి. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. మన దగ్గర మేనరికాలు అన్ని మతాల్లోనూ ఉన్నాయి, మనలో చిన్నాన్న పెదనాన్న పిల్లల మధ్య కూడా ఉన్నాయి. ఏ పెళ్లినీ నేను తప్పుపట్టడం లేదు. ఒక ఇంట్లో ఇద్దరు పసివాళ్లు వరసగా ఊపిరితిత్తుల జబ్బుతో పోయారనుకోండి. దాన్ని నజర్ అనో తల్లి దురదృష్టం అనో వదిలేయకండి. మళ్లీ బిడ్డ పుట్టబోతుంటే ముందే పిల్లల డాక్టరుకు చెప్పండి. బీసీజీ వేయకముందే చెప్పాలి, ఎందుకంటే అలాంటి బిడ్డకు ఆ టీకా హాని చేయవచ్చు. పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు ఒక్కో కుటుంబానికి భారమే. సంఘం సాయం చేయదగ్గ పని అది.

మీజిల్స్, అదే తట్టు, గురించి ఒక్క మాట చెప్పకుండా వదలలేను. తట్టుకూ మశూచికీ తేడాను వెయ్యేళ్లకు పైగా వెనక గ్రంథంగా రాసి పెట్టినవాడు అర్‌రాజీ. మనం గర్వంగా చెప్పుకునే పేరు. తట్టు వైరస్ గాలి ద్వారానే వస్తుంది, ఊపిరితిత్తుల్నీ దెబ్బతీస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి చేస్తుంది. ఒంటికి పాత జబ్బుల మీద ఉన్న జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. నెదర్లాండ్స్‌లో మత కారణాలతో టీకాలు వేయించని ప్రొటెస్టెంట్ కుటుంబాల పిల్లల్ని తట్టుకు ముందు, తర్వాత పరీక్షించారు. 2019లో ఫలితం వచ్చింది. అంతకుముందు సంపాదించుకున్న యాంటీబాడీల్లో నూటికి 11 నుంచి 73 దాకా పోయాయి. అంటే తట్టు తగ్గిన పిల్లవాడు ఇతర జబ్బుల ముందు మళ్లీ పసివాడవుతాడు. ఆ తర్వాత వచ్చిన న్యుమోనియాతో పోతే ఆ చావు తట్టు లెక్కలో పడదు. 2022 చివర్లో ముంబైలోని గోవండీలో, మాలేగావ్, భివండీల్లో తట్టు ప్రబలి పిల్లలు చనిపోయారు. ఆ పేటల్లో ఎక్కువమంది మనవాళ్లే. ఎంఆర్ టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య ఇంకొకటి, రెండూ ఉచితం. న్యుమోకాకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ పట్టికలో ఉంది. వైరస్ పొరను చెడగొట్టాక వెనకే దూరే బాక్టీరియాను అది ఆపుతుంది. వీటికి మీ డబ్బు అక్కర్లేదు. ఇమామ్ సాబ్‌లు జుమా రోజున ఒక మాట చెబితే చాలు.

ఇళ్లలో చేసేవి కొన్ని ఉన్నాయి, గబగబా చెబుతాను. స్నానం చేయించాక బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం దాదీలకు ఎంతో ఇష్టం. అప్పటికే చీపుళ్లు పాడైన గొట్టంలోకి ఇంకా పొగ పంపుతున్నాం. మానేయండి. బీడీ, సిగరెట్ పొగ కూడా అంతే. గడప బయట తాగి వచ్చినా చొక్కాకు అంటుకుని లోపలికి వస్తుంది. ముక్కులో నూనె చుక్కలు వేయవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి జారి వేరే న్యుమోనియా తెస్తుంది. ఉప్పునీటి చుక్కలు వేయండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించవద్దు. తహ్నీక్ చేయాలనుకుంటే చేతులు కడుక్కున్న, జలుబు లేని పెద్దమనిషి చేత మెత్తని ఖర్జూరం రవ్వంత రాయించండి. అఖీఖా రోజున నలభై మంది బిడ్డను ముద్దుపెట్టుకునే అలవాటు ఉందే, అది నాకు భయం. జలుబు చేసినవాళ్లు దూరం నుంచే దుఆ చేయవచ్చు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తుమ్మేటప్పుడు ముఖాన్ని చేత్తోనో వస్త్రంతోనో కప్పుకునేవారని హదీసుల్లో ఉంది. మా ఆసుపత్రి గోడ మీద మేము పెట్టుకునే బొమ్మ కూడా అదే చెబుతుంది.

పల్లెల్లో ఇంకా పొట్ట మీద వాతలు పెట్టి తెస్తున్నారు. దాని మీద వ్యాఖ్యానించను. ఆ వాతలకు పోయిన ఒక రోజు ఆ బిడ్డకు నాలుగో రోజు అని మాత్రం చెబుతాను.

ఎప్పుడు పరుగెత్తాలి? ఉర్దూలో పస్లీ చల్ రహీ హై అంటారు, తెలుగులో డొక్కలు ఎగరేస్తున్నాడంటాం. పేరు రెండు భాషల్లోనూ ఉందంటే మన నానీలు ఎప్పటినుంచో గమనిస్తున్నారన్నమాట. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడో నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా ఎత్తి, గడియారం పెట్టుకుని, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే అది వేగం. డొక్కలు లోపలికి లాగుతున్నా, పాలు తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా, మూర్ఛ వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆటో పిలవండి. రెండు నెలలలోపు బిడ్డ మధ్యమధ్య ఊపిరి ఆపుతున్నట్టు అనిపిస్తే అర్ధరాత్రయినా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన సాన్స్ కార్యక్రమంలో ఆశా కార్యకర్తలకూ ఈ లెక్క నేర్పుతున్నారు. ఆమె వస్తే తలుపు తీయండి.

ఇప్పుడు డబ్బు సంగతి. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు, వెనక బిర్యానీ డేగిసాల మూతలు చప్పుడవుతున్నాయి, తొందరగా చెబుతాను.

చాలామంది పిల్లల్లో వైరస్‌ను చివరికి తరిమేది వాళ్ల ఒళ్లే. మూడో రోజు నుంచి వారం దాకా ఆ ఒళ్లు పని పూర్తిచేసేవరకు బిడ్డను నిలబెట్టి ఉంచడమే మా పని. నిలబెట్టేవి మూడు. ఆక్సిజన్, కడుపులోకి పాలో ద్రవమో, కనిపెట్టి చూసే మనిషి. నెబ్యులైజర్ ఈ పట్టికలో లేదు. ఆస్తమా ఉన్న పెద్దపిల్లలకు అది వరమే. బ్రాంకియోలైటిస్ ఉన్న పసివాళ్లకు సాల్‌బ్యుటమాల్ పొగ పెట్టడం వల్ల మేలు లేదని తేలి చాలా ఏళ్లయింది, వాడవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. క్యాంపులో అందరికీ ఒకే మాస్కు తిప్పితే జబ్బు పంచినట్టవుతుంది. టానిక్కులు అసలే వద్దు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. డాక్టరు చూసి న్యుమోనియా అనుకుని రాస్తే పూర్తిగా వాడండి, దుకాణంలో అడిగి కొనవద్దు.

మీ డబ్బు పెట్టదగ్గ మొదటి వస్తువు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్. 1974లో జపాన్‌లో టకువో అయోయాగి కనిపెట్టిన ఉపాయం అది. కంటికి నీలం కనబడేసరికి చాలా ఆలస్యమవుతుంది, ఈ యంత్రం ముందే చెబుతుంది. పెద్దల క్లిప్పు పసివాళ్ల వేలికి నిలవదు. పాదానికి చుట్టే పిల్లల సెన్సర్ ఉన్నదే కొనాలి. దాని ధర ఎక్కువ, తక్కువ రకం పది కొనేకంటే మంచివి మూడు కొనండి. నల్లటి చర్మం మీద ఇది ఆక్సిజన్‌ను కొంచెం ఎక్కువగా చూపించవచ్చు. అందుకే అంకెను ఒక్కదాన్నే కాకుండా బిడ్డనూ చూసేలా నర్సులకు నేర్పాలి.

రెండోది ఆక్సిజన్ కాన్సంట్రేటర్. 2021 రెండో వేవ్‌లో దేశమంతా వీటిని దానం చేశారు. ఇప్పుడు చాలాచోట్ల గుడ్డ కప్పి మూలన ఉన్నాయి. ఫిల్టరు మార్చేవాడు లేడు, నెలకోసారి నడిపి చూసేవాడు లేడు. కాబట్టి కొత్తవి కొనకముందు పాతవాటిని వెతికి బాగుచేయించండి. పసివాళ్లకు కావలసింది నిమిషానికి అర లీటరు నుంచి రెండు లీటర్లే. తగిన మీటర్లు అమర్చితే ఒక యంత్రం ఒకరికన్నా ఎక్కువమందికి సరిపోతుంది. కరెంటు పోయినప్పుడు నడిచే ఏర్పాటు కూడా లెక్కలో ఉండాలి.

వెంటిలేటరు కావాలన్న సోదరులకు ఢాకా సంగతి చెప్పాలి. అక్కడి అంతర్జాతీయ డయేరియా పరిశోధన కేంద్రం ఆసుపత్రిలో డాక్టర్ మొహమ్మద్ జొబాయెర్ చిస్తీ ఖాళీ షాంపూ సీసాతో ఒక ఏర్పాటు చేశారు. బిడ్డ వదిలే గాలిని గొట్టం ద్వారా సీసాలోని నీళ్లలోకి పంపుతారు. నీటి లోతును బట్టి కొంచెం ఒత్తిడి పుట్టి, మూసుకుపోబోయే గొట్టాలను తెరిచి ఉంచుతుంది. బుడగలు వస్తున్నంతసేపు పనిచేస్తున్నట్టు. 2015లో ప్రచురించిన వారి పరీక్షలో తీవ్రమైన న్యుమోనియా ఉన్న 225 మంది పిల్లలున్నారు. మామూలుగా తక్కువ ధారలో ఆక్సిజన్ ఇచ్చినవారిలో నూటికి 15 మంది పోతే, సీసా ఏర్పాటు ఉన్నవారిలో నలుగురు.

ఇక్కడ మాట ఆపేస్తే మీరు రేపే షాంపూ సీసాలు సేకరిస్తారు. మిగతాది కూడా వినాలి. ఆఫ్రికాలోని మలావీలో, రోజూ డాక్టరు చూసే వీలులేని ఒక జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి ఒత్తిడి పద్ధతినే పరీక్షించారు. 2019లో ఫలితం వచ్చింది. మామూలు ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లో నూటికి 11 మంది చనిపోతే, ఒత్తిడి యంత్రం పెట్టినవారిలో 17 మంది. ఢాకాలో దగ్గరుండి చూసే డాక్టర్లు ఉన్నారు, మలావీలో లేరు. నా ఉద్దేశంలో ఆ తేడాకు అదే పెద్ద కారణం. దాత పేరు చెక్కిన పలక వెంటిలేటరు మీద పెట్టడం తేలిక. రాత్రి రెండు గంటలకు బిడ్డ దగ్గర కూర్చునే నర్సు జీతం మీద పలక పెట్టలేం. నన్ను అడిగితే మొదటి ఏడు సొమ్ములో సగం శిక్షణకు, రాత్రి నర్సులకు ఇవ్వండి అంటాను. వెంటిలేటరు ఈ ఏడు వద్దు.

మిగిలినది తల్లి దగ్గరికి చేరాలి. మిరప పనికి వెళ్లే తల్లికి ప్రసవం అయ్యాక ఆరు నెలలు కూలిలో కొంత భాగం. నెల తక్కువ బిడ్డ ఉన్న ఇంటికి గ్యాసు బండ. అర్ధరాత్రి ఆటో ఖర్చు. ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ ఇంట్లో మిగిలిన పిల్లలకు భోజనం. బిడ్డను నాలుగో రోజు తేవాల్సినవాళ్లు ఆరో రోజు తెచ్చారంటే నేను చూసినంతలో దానికి కారణం చాలాసార్లు నిర్లక్ష్యం కాదు, జేబు.

జకాత్ సొమ్ము యంత్రాలకు వాడవచ్చా అని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. నేను డాక్టర్ని, ఫత్వా ఇవ్వలేను. హనఫీ ఉలమాల్లో ఎక్కువమంది జకాత్ అర్హుడైన పేదవాడి చేతికి, అతని సొంతం అయ్యేలా చేరాలంటారని మాత్రం తెలుసు. ఆ లెక్కన కూలి సాయం, ఆటో ఖర్చు, పరీక్షల బిల్లు జకాత్ నుంచి, ఆక్సీమీటర్లు, కాన్సంట్రేటర్ల మరమ్మతు, నర్సుల జీతాలు లిల్లాహ్, సదఖా నిధి నుంచి వేరుచేసి చూపిస్తూ ఒక కాగితం తయారుచేశాను. ముఫ్తీ సాబ్ చూశాకే ఖర్చు మొదలవుతుంది. మన దగ్గర వానలు పడ్డప్పటి నుంచి చలికాలం దాకా వార్డు నిండిపోతుంది, కాబట్టి నర్సుల మొదటి శిక్షణ జూన్‌లోపే జరగాలి. ఆ కాగితం నకళ్లు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి, భోజనానికి వెళ్లేటప్పుడు తీసుకోండి.